రిజిస్టరులో పౌలు

"మాస్టారూ, పాల్ అన్నది ఇంటిపేరు కదా. మరి కుర్రాడి అసలు పేరేదీ?"

ఈ ప్రశ్న నాకు ఫోనులో వచ్చింది. అడిగినాయన స్కాలర్‌షిప్పు దరఖాస్తులు చూసే ఒక ఆఫీసులో ఉద్యోగి. ఆయన్ని తప్పుపట్టడానికేం లేదు. ఒడిశాలో, బెంగాల్‌లో పాల్ అనే ఇంటిపేరు ఉంది. ఆయన ముందున్న కాగితంలో పేరు ఇంగ్లీషులో పి, ఎ, యు, ఎల్ అని ఉంది. దాన్ని ఒడియాలో ఎవరో 'పాల' అని ఎక్కించారు. ఆధార్ కార్డులో మాత్రం అదే పేరు పి, ఓ, యు, ఎల్, యు. బ్యాంకు పుస్తకంలోనూ అంతే. కంప్యూటరుకు ఈ రెండూ ఇద్దరు మనుషులు. డబ్బు ఆగిపోయింది.

కుర్రాడు మా తొమ్మిదో తరగతి పౌలు. రాయగడ దగ్గర పల్లె. తల్లి కూలికి వెళ్తుంది. ఈ పేరు పనిమీద ఆమె రెండు రోజుల కూలి పోగొట్టుకుని, మూడో రోజు నా దగ్గరకొచ్చింది.

"మా మాంగారి పేరండీ అది. ఊరంతా ఆయన్ని పౌలుతాతనీవోరు. గుళ్ళో పాస్టరుగారు బిడ్డకి అదే పేరెట్టినారు. మీ కాయితంలో పాలని రాసినారేటి? పాలంటే ఎవులు?"

నేను సమాధానం చెప్పలేదు. ఎందుకంటే ఆ పి, ఎ, యు, ఎల్ రాసిన చెయ్యి నాదే. మూడేళ్ళ కిందట ఆరో తరగతిలో చేర్చుకునేటప్పుడు కింది బడి నుంచి వచ్చిన టి.సి.లో పేరు చివర 'యు' ఉంది. పాపం, స్పెల్లింగు రానివాళ్ళు రాశారు కాబోలనుకుని, ఇంగ్లీషు సినిమాల్లో, క్రికెట్ జట్లలో చూసినట్టు 'సరిచేసి' రాశాను. మంచి పని చేశాననే అనుకున్నాను కూడా.

"ఆ రాత తప్పని మీకెవులు సెప్పినారు మాస్టారూ?" అని ఆమె అడిగినప్పుడు మాత్రం నిజంగానే ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు. ఈ పేరుకు ఇంగ్లీషు రూపమే అసలు రూపమని నా అంతట నేనే అనుకున్నాను. అది ఎంత పొరపాటో తెలుసుకోవడానికి పేరు వెనకే వెళ్ళాను. పుస్తకాలు తిరగేస్తే అది నన్ను రోముకూ, అక్కణ్ణుంచి రష్యాకూ తీసుకెళ్ళి మళ్ళీ కోరాపుట్ కొండల్లో దించింది.

పౌలు లాటిన్ మాట. రోమన్లు 'పౌలుస్' అనేవారు. అర్థం చిన్న, కొంచెం అని. మన చిన్నయ్య, చిన్నారావు లాంటి పేరన్నమాట. మొదట అది ఒక పెద్ద వంశంలోని శాఖ పేరు. ఎమిలియుస్ పౌలుస్ అనే సేనాపతి క్రీస్తుపూర్వం 216లో కానే యుద్ధంలో హానిబల్ చేతిలో ఓడి చనిపోయాడు. అదే పేరున్న ఆయన కొడుకు 168లో మాసిడోనియాను గెలిచాడు. ఇంత గొప్పవాళ్ళకు 'చిన్నోడు' అనే పేరేమిటని అడక్కండి. మన చిన్నయ్యల్లో ఆరడుగులవాళ్ళు లేరూ!

ఈ పేరును ప్రపంచానికి పంచినవాడు మాత్రం సేనాపతి కాదు. తార్సు పట్టణంలో పుట్టిన యూదుడు సౌలు. సౌలు ఆయన హీబ్రూ పేరు, పౌలు రోమన్ పౌరుడిగా ఆయన పేరు. ఒక మనిషికి రెండు పేర్లు, ఇంట్లో ఒకటి, సర్కారులో ఒకటి. మన పిల్లలకు కొత్తా ఇది? బైబిలులోని అపొస్తలుల కార్యాలలో పదమూడో అధ్యాయం దాకా ఆయన సౌలు. అక్కణ్ణుంచి పౌలు. ఆ అధ్యాయంలోనే సైప్రస్ ద్వీపాన్ని పాలించే రోమన్ అధికారి ఒకాయన వస్తాడు, ఆయన పేరు సెర్గియుస్ పౌలుస్. ఆ ఒక్క అధికారి పేరులోని రెండు ముక్కలూ తర్వాత రష్యా అంతటా ఇంటింటి పేర్లయ్యాయి. సెర్గియుస్ సెర్గెయ్ అయ్యాడు. పౌలుస్ పావెల్ అయ్యాడు.

పౌలు పావెల్ ఎలా అయ్యాడు? తెలుగు పాఠం చెప్పేవాడిగా నాకు బాగా నచ్చిన చోటు ఇదే, కాబట్టి కొంచెం ఆగుతాను.

పౌలు తన ఉత్తరాలు రాసింది గ్రీకులో. అందులో ఆయన పేరు 'పౌలోస్'. కాలం గడిచేకొద్దీ గ్రీకువాళ్ళ నోట ఆ 'ఔ' ధ్వని 'అవ్'గా మారింది. రాత మారలేదు, పలుకు మారింది. పౌలోస్ కాస్తా పావ్లోస్ అయ్యాడు. ఇది మనకు వింతేమీ కాదు. నౌకను నడిపేవాణ్ణి మనం నౌకికుడు అనం, నావికుడు అంటాం. నౌ అన్నది 'నావ్' అయింది. వ్యాకరణంలో దీన్ని యాంతవాంతాదేశమని చదువుకున్నాం. నియమం ఒకటే కాకపోయినా నోరు చేసిన పని ఒకటే. ఉకారం, వకారం పక్కపక్క ఇళ్ళు. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి ఒక్క అడుగు.

సరిగ్గా అలా పలుకుతున్న రోజుల్లోనే, 863లో, థెస్సలొనీకి పట్టణానికి చెందిన సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు స్లావుల దగ్గరకు వెళ్ళారు. ఇప్పటి చెక్, స్లొవాక్ దేశాలున్న చోట అప్పుడు మొరావియా అనే రాజ్యం ఉండేది. స్లావుల భాషకు అప్పటికి సొంత లిపి లేదు. వీళ్ళు లిపి కట్టి, ప్రార్థనలూ లేఖనాలూ ఆ జనం భాషలోకే తెచ్చారు. పరాయి లిపిలో, పరాయి భాషలో కాదు. మెథోడియస్ 885లో చనిపోయాక శిష్యుల్ని అక్కణ్ణుంచి తరిమేశారు. వాళ్ళు పుస్తకాలు మోసుకుని బల్గేరియా చేరారు. ఆ పుస్తకాలే తర్వాత కీవ్ దాకా వెళ్ళాయి. కీవ్ రాజు వ్లదీమిర్ 988లో బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ పుస్తకాల్లో పేరు 'పావిలు' అన్నట్టుండేది. నడిమి అచ్చు, చివరి అచ్చు రెండూ చాలా పొట్టివి, సగం పలికీ పలకనట్టుండేవి. రానురాను చివరిది రాలిపోయింది. నడిమిది 'ఎ' అయి నిలబడింది. పావెల్. కానీ పేరుకు ఏ ప్రత్యయమైనా తగిలితే ఆ 'ఎ' మళ్ళీ మాయమవుతుంది. పావెల్ యొక్క అనాలంటే 'పావ్లా'. మన 'ఊరు'కు బహువచనం తగిలితే ఉకారం జారిపోయి 'ఊళ్ళు' అవుతుంది చూడండి, అలాంటిదే. అందుకే ఆ ఇంటిపేరు పావెలోవ్ కాలేదు, పావ్లోవ్ అయింది.

బి.ఇడి. చదివిన ప్రతివాడికీ పావ్లోవ్ తెలుసు. గంట, కుక్క, లాలాజలం. పరీక్షలో పది మార్కులు. ఆ ప్రశ్నకు జవాబు ఎన్నిసార్లు రాశానో, పావ్లోవ్ అంటే 'పౌలువారి' అని ఒక్కసారైనా తట్టలేదు. ఆయన పూర్తి పేరు ఇవాన్ పెత్రోవిచ్ పావ్లోవ్. 1849లో రియజాన్‌లో ఒక పురోహితుడి ఇంట పుట్టాడు, 1904లో నోబెల్ బహుమతి పొందాడు. ఇవాన్ అంటే యోహాను. పెత్రోవిచ్ అంటే పేతురు కొడుకు. పావ్లోవ్ అంటే పౌలువారి వంశం. మన పద్ధతిలో చెబితే పౌలువారి పేతురుగారబ్బాయి యోహాను. ఒక్క పేరులో ముగ్గురు అపొస్తలులు!

తండ్రి పేరును ఇలా కలిపి చెప్పుకోవడం గురించి నేను మొదట విన్నది మా మేనమామ నోట. ఆయన సునాబేడ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. సోవియట్ సహకారంతో మిగ్ విమానాల ఇంజన్లు చేయడానికి 1964లో మన కోరాపుట్ జిల్లాలో పెట్టిన ఫ్యాక్టరీ అది. పని నేర్పడానికి రష్యన్ నిపుణులు వచ్చేవారు. మామయ్య అనేవాడు: "వాళ్ళకి దరఖాస్తులో తండ్రి పేరు గడి అక్కర్లేదురా. తండ్రి పేరులోనే కూచునుంటాడు." పావెల్ కొడుకైతే పావ్లోవిచ్, కూతురైతే పావ్లోవ్నా. రచయిత చెహోవ్‌ను రష్యన్లు గౌరవంగా అంతోన్ పావ్లోవిచ్ అంటారు, అంటే పావెల్‌గారి అంతోన్. ఆ అంతోన్ కూడా అంతోనియుస్ అనే రోమన్ వంశం పేరే.

అయితే స్లావులు ఈ పేరును ఒక్కరోజులో నెత్తికెత్తుకోలేదు. వాళ్ళకు సొంత పేర్లు ఉండేవి. వ్లదీమిర్, యారొస్లావ్, స్వ్యతొస్లావ్. రెండేసి మాటలు కలిపి కట్టిన బరువైన పేర్లు. బాప్తిస్మంలో వ్లదీమిర్‌కు వసీలీ అని పేరు పెట్టారు, కానీ చరిత్ర ఆయన్ని వ్లదీమిర్ అనే పిలుస్తోంది. చాలాకాలం జనానికి గుడి పేరు ఒకటి, వీధి పేరు ఒకటి. తరాలు గడిచేకొద్దీ గుడి పేరు వీధిలోకి వచ్చింది. పిల్లవాడు పుట్టిన రోజుకు దగ్గరలో పంచాంగంలో ఏ పరిశుద్ధుడి దినం ఉంటే ఆ పేరు పెట్టడం అలవాటైంది. పేతురు పౌలుల పండుగ పాత పంచాంగం ప్రకారం జూన్ 29, ఇప్పటి లెక్కలో జులై 12. అలా పల్లెపల్లెకూ ఒక పావెల్ తయారయ్యాడు. పల్లెలోనే కాదు, సింహాసనం మీద కూడా. చక్రవర్తి మొదటి పావెల్ 1796 నుంచి 1801 దాకా రష్యాను ఏలాడు. పసిఫిక్ తీరాన పెత్రొపావ్లోవ్‌స్క్ అనే ఊరుంది. 1740లో బేరింగ్ నడిపించిన రెండు ఓడల పేర్లు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. ఒక ఓడ పేతురు, రెండోది పౌలు.

పేరు ఒకటే, పలుకు మాత్రం దేశానికొకటి. రష్యన్లకు, చెక్కులకు, బల్గేరియన్లకు పావెల్. ఉక్రెయిన్‌లో పావ్లో. సెర్బియాలో పావ్లె. క్రొయేషియాలో పావావో. పోలండువాళ్ళది ఇంకో కథ. వాళ్ళ మతం గ్రీకు దారిన రాలేదు, లాటిన్ దారిన వచ్చింది. 966లో వాళ్ళ రాజు మియెష్కో బాప్తిస్మం పొందాడు. అయినా వాళ్ళ పేరులోనూ వకారమే ఉంది. ఎందుకంటే ఆ రాజు పెళ్ళాడింది చెక్ రాకుమారిని. వాళ్ళకు మతమూ, మతం మాటలూ చెక్కుల చేతి మీదుగా చాలావరకు వచ్చాయి. ఇంతమందిలో ఎవరూ, మా పేరు తప్పు, లాటిన్ స్పెల్లింగులోకి మార్చుకుందాం అనలేదు. ఇంగ్లీషువాడు ఉకారాన్ని మింగేసి పలికితే అది వాడి పలుకు. అంతవరకే.

ఇక మన కొండల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం ఏజెన్సీ కింద ఉండేది. రాయగడ ప్రత్యేక జిల్లా అయింది 1992 అక్టోబరు 2న. 1882లో జర్మనీ ఉత్తరాన బ్రెక్లుమ్ అనే ఊరి నుంచి లూథరన్ మిషనరీలు ఇటు వచ్చారు. కోరాపుట్, జయపురం, సాలూరు, పార్వతీపురం వాళ్ళు పనిచేసిన చోట్లు. పైన ఒడియా, కింద తెలుగు. జర్మన్లు ఈ పేరును పాల్ అనరు. 'పౌల్' అంటారు. తెలుగు బైబిలులో పౌలు. ఒడియా బైబిలులో పాఉల. అంటే మా కుర్రాడి తాతకు బాప్తిస్మం ఇచ్చిన సంఘానికి జర్మన్ పలుకైనా, తెలుగు పలుకైనా, ఒడియా పలుకైనా ఉకారం ఉన్న పలుకే. 'పౌలు' ఇంగ్లీషు రాక పాడుచేసుకున్న మాట కాదు. రోమన్లు పలికిన తీరుకు ఇంగ్లీషువాడి కంటే మా పౌలుతాతే దగ్గర. చివర 'లు' చూసి బహువచనమేమో అనుకునేవాళ్ళకు ఒక మాట: గౌరవంగా అన్నామనుకోండి!

పొరుగు భాషలూ ఇలాగే తమ దారి చూసుకున్నాయి. మలయాళంలో పౌలోస్, గ్రీకు తోక అలాగే ఉంది. తమిళంలో పవుల్, స్లావుల్లాగే వకారం వచ్చింది.

విచిత్రమేమిటంటే ఇదే పేరు తెలుగులోకి రెండోసారి, వేరే దారిన కూడా వచ్చింది. గోర్కీ నవల 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు చేశారు. అందులో కొడుకు పేరు పావెల్. ఒకప్పుడు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన ఊళ్ళ దాకా చవగ్గా వచ్చేవి. ఆ పని చేయడానికి మాస్కో వెళ్ళినవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావుగారు ఒకరు. 'అతడు-ఆమె' నవల రాసినాయన, పుట్టింది మన ఒడిశాలోని బరంపురంలోనే. చర్చి దారిన వచ్చిన పౌలు, పుస్తకాల దారిన వచ్చిన పావెల్ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉండి ఉంటారు. ఒకరినొకరు గుర్తుపట్టలేదు. నవల చదివిన నేనూ పట్టలేదు. మా బడి రిజిస్టరులో ఒక నటాషా కూడా ఉంది. అదీ లాటిన్ మూలమే. క్రీస్తు పుట్టినరోజును లాటిన్‌లో చెప్పే మాట నుంచి నతాల్యా, నతాల్యాకు రష్యన్ ముద్దుపేరు నతాషా. ఆ పిల్ల తల్లిదండ్రులకు అది హిందీ సినిమా పేరు.

ఇదంతా తెలిశాక చేయాల్సిన పని చిన్నదే, కానీ తిరగాల్సింది ఎక్కువ. అడ్మిషన్ రిజిస్టరులో నా రాతను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన పాత టి.సి.లో ఉన్నట్టే పి, ఓ, యు, ఎల్, యు అని రాసి సంతకం పెట్టాను. హెడ్మాస్టరుగారు కింద తన సంతకం చేశారు. తప్పు బడిదే, పిల్లవాడిది కాదని ఒక ఉత్తరం రాసి, ఆధార్ నకలు, పాత టి.సి. నకలు జతచేశాం. తొమ్మిదో తరగతి వివరాలు కటక్ బోర్డుకు వెళ్ళకముందే ఇది జరగడం మా అదృష్టం. ఒకసారి పదో తరగతి సర్టిఫికెట్టులో ఎక్కిందంటే దాన్ని కదపడానికి అఫిడవిట్లు, నెలలు. ఈ ఏడాది స్కాలర్‌షిప్పు పడింది. కిందటి ఏడాదిది పోయినట్టే. ఆ సంగతి తల్లికి నేనే చెప్పాను. "పోన్లెండి మాస్టారూ, పేరు ఒచ్చింది" అంది. నాకు మాత్రం పోన్లే అనిపించలేదు.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. మన బడుల్లో ప్రతి పిల్లవాడి పేరూ మూడు లిపుల్లో నడుస్తుంది. తెలుగులో వెంకటేష్ ఒడియాలో భెంకటేష్ అవుతాడు. రవి రబి అవుతాడు. వాసును ఒడియాలో బాసు అని రాస్తారు, దాన్ని చూసి ఇంగ్లీషులో ఎక్కించేవాడు 'బి' పెడతాడు. అక్కడితో వాసు వేరే మనిషి. లక్ష్మిని లొఖ్మి అని పిలిస్తే పిల్ల పలుకుతుంది, కంప్యూటరు పలకదు. ఆరో తరగతిలో చేర్చుకునే రోజునే జనన ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే తల్లినో తండ్రినో పిలిచి, ఇంట్లో ఎలా పిలుస్తారో వాళ్ళ నోటే చెప్పించుకోండి. మనకు వచ్చిన ఇంగ్లీషుతో సరిచేయకండి.

పోయిన శనివారం చివరి పీరియడులో ఈ కథంతా తొమ్మిదో తరగతికి చెప్పాను. నౌక, నావికుడు దగ్గర బాగానే విన్నారు. పావ్లోవ్ కుక్క దగ్గర నవ్వారు. అంతా అయ్యాక పౌలు లేచి నిలబడ్డాడు.

"అయితే మాస్టారూ, నేను రష్యా వెళ్తే నన్నేటని పిలుస్తారు?"

"పావెల్ అంటారు. ఇంట్లోవాళ్ళయితే ముద్దుగా పాషా అంటారు."

రెండో బెంచీలోని పాషా గిరుక్కున వెనక్కి తిరిగాడు. క్లాసంతా ఒకటే నవ్వు. గంట కొట్టినా ఆగలేదు.